మెషిన్ నేర్చుకున్న నడుము

నడుం పట్టేసిందని అర్చన అంటే చాలు, గిరీష్ మొహం విచ్చుకునేది. పెళ్ళయిన కొత్తల్లో తలనొప్పి అంటే "మాత్ర వేసుకో" అని ఫోన్లోంచి తల ఎత్తని మనిషి, ఇప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కుని మరీ కూర్చుని అడిగేవాడు. ఎక్కడ పట్టింది, వంగేటప్పుడా లేచేటప్పుడా, కుడి పక్కా ఎడమ పక్కా, అమ్మను మంచం మీంచి లేపేటప్పుడా లేక బాత్రూము నుంచి వెనక్కి తెచ్చేటప్పుడా. తన ఒంటి గురించి ఇన్ని ప్రశ్నలు కన్నతల్లి కూడా అడిగింది లేదు. ఆ రోజుల్లో అర్చన దాన్ని ప్రేమే అనుకుంది. అనుకోక ఏం చేస్తుంది? ఆ ఇంట్లో అంతకన్నా మంచి ప్రేమను ఆమెకు ఎవరూ చూపించలేదు మరి.

అత్తగారు సావిత్రమ్మకు పక్షవాతం వచ్చి రెండేళ్ళు దాటింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు చచ్చుబడ్డాయి. మాట కూడా మొదటి ఏడాదంతా ముద్దముద్దగా ఉండి, ఇప్పుడిప్పుడే ఒక్కో పదం వెతుక్కుంటూ వస్తోంది. ఆవిడ సన్నటి మనిషేం కాదు. చిక్కపేటలో బట్టలకొట్టు నడిపిన కృష్ణప్ప గారి ఇల్లాలు, నేతిలో ముంచిన ఓళిగలు తిన్న ఒళ్ళు. ఆ ఒంటిని పొద్దున మంచం మీంచి చక్రాల కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూములోకి, తడి ఒంటితో మళ్ళీ కుర్చీలోకి, కుర్చీలోంచి సోఫాలోకి, మధ్యాహ్నం నిద్రకు మళ్ళీ మంచం మీదికి చేర్చాలి. చేర్చడానికి ఒక పద్ధతి ఉంది. తన మోకాళ్ళు ఆవిడ మోకాళ్ళకు ఆనించాలి. ఆవిడ కుడి చెయ్యి తన మెడ చుట్టూ వేయించుకోవాలి. చంకల కింద చేతులు దూర్చి, ఊపిరి బిగబట్టి, ఆ బరువంతా తన మీదికి లాక్కుని, పాదం మీద తిరిగి, నెమ్మదిగా దించాలి. దించేటప్పుడే నడుం కలుక్కుమనేది.

ఆసుపత్రి నుంచి తెచ్చిన వారం అర్చన ఆయా సంగతి ఎత్తింది. బొమ్మనహళ్ళిలో ఇంటర్ చెప్పే ఒక పి.యు. కాలేజీలో ఆమె కెమిస్ట్రీ లెక్చరరు. ఎంత సెలవు పెట్టినా ఏదో ఒక రోజు పోవాలి కదా. గిరీష్ తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చెప్పాడు. "అమ్మ ఏడ్చింది అర్చనా. పరాయి ఆడదాని చేత కడిగించుకునే దానికన్నా చచ్చిపోయేది మేలంటాది. ఆయా చెయ్యి తగిలితే అన్నం ముట్టనంటాది. నువ్వు మాత్రం ఆమె ముందర ఈ మాట ఎత్తొద్దు, బేజారు చేసుకుంటాది. కొన్నాళ్ళు అడ్జస్ట్ చేసుకుందామప్పా."

కొన్నాళ్ళు అంటే ఎన్నాళ్ళో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. జీతం లేని సెలవు పెట్టింది. తలుపు అవతల ముద్దమాటలతో పడుకుని ఉన్న ముసలామెను పోయి "మీకు ఆయా వద్దా?" అని ఏ కోడలు అడుగుతుంది? అడిగితే "మీ పని నాకు బరువైంది" అన్నట్టే కదా. దొడ్డబళ్ళాపురంలో పుట్టిల్లు. ఫోన్లో ఏడిస్తే అమ్మ అనేది ఒకటే: "పెద్దప్రాణం, ఎన్నాళ్ళు ఉంటాది లేమ్మా." ఆ ఓదార్పు వెనక ఏముందో తల్లికీ తెలుసు, కూతురికీ తెలుసు.

చేతులు మంచివే. ఆ చేతులతో అర్చన అత్తగారి ఒళ్ళు తుడిచింది, పౌడరు వేసింది, పలచబడ్డ జుట్టుకు చిక్కు తీసింది. మనసు మాత్రం చేతులతో పాటు రాలేదు. ఈవిడ మంకుపట్టు వల్ల కదా నా బతుకు ఈ గదిలో ఆగిపోయింది అనుకునేది. ఒకరోజు జడ వేస్తుండగా సావిత్రమ్మ "మూడో ఫ్లోర్లో వాళ్ళు... మనిషిని పెట్టుకున్నారంట" అంది. చూశావా, వాళ్ళను ఎత్తిపొడుస్తోంది, నేను ఎక్కడ అలాంటి ఆలోచన చేస్తానో అని ముందరికాళ్ళకు బంధం వేస్తోంది అనుకుంది అర్చన. "వాళ్ళిష్టం అత్తమ్మా" అని రబ్బరు బ్యాండు కాస్త గట్టిగానే బిగించింది. ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

గిరీష్ ఉద్యోగం మహదేవపురలోనే, ఫ్లాటుకు నడిచిపోయేంత దూరంలో. తనూ ఇద్దరు స్నేహితులూ కలిసి పెట్టిన చిన్న కంపెనీ. బరువులెత్తేవాళ్ళు ఒంటికి తొడుక్కునే మెషిన్ తయారుచేస్తున్నారు. మనిషి వంగితే అది కనిపెడుతుంది, లేచేటప్పుడు మోటారు తిరిగి నడుముకు ఆసరా ఇస్తుంది. ఎప్పుడు ఎంత ఆసరా ఇవ్వాలో దానికి తెలియాలంటే, ముందు ఎత్తే మనిషిని చూసి నేర్చుకోవాలి. అలా మొదలైంది. పొద్దున్నే శామ్యూల్ వచ్చేవాడు. గిరీష్ దగ్గర పనిచేసే కుర్ర ఇంజినీరు. కదలికలను పట్టే చిన్న చిన్న సెన్సర్ బిళ్ళలు ఇచ్చి, ఎక్కడెక్కడ అంటించుకోవాలో చెప్పి, తను హాల్లో గోడ వైపు తిరిగి కూర్చునేవాడు, పాపం, సిగ్గరి. వీపు మీద, తొడల మీద, పిరుదుల పైన ఆ బిళ్ళలతోనే ఆమె ఇంటి పనంతా చేసేది. టేపు పీకినప్పుడల్లా చర్మం ఎర్రగా కమిలేది. "ఇది బాగా వస్తే అర్చనా, నీలాంటి వాళ్ళకు ఎంత మందికి మేలో" అనేవాడు గిరీష్. నీలాంటి వాళ్ళలో నువ్వు మొదటిదానివి అన్నట్టు భుజం తట్టేవాడు.

నొప్పి ముదిరి స్కాన్ తీయిస్తే, డాక్టరు ఆ ఫిల్మును లైటుకు పెట్టి చూసి, డిస్కు కాస్త పక్కకు జరిగింది, బరువులు మానకపోతే ఆపరేషన్ దాకా పోతుంది అని హెచ్చరించాడు. కారులో తిరిగి వస్తూ గిరీష్ అన్న మాట ఆమెకు ఇప్పటికీ చెవిలో ఉంది. "ఒకందుకు మంచిదేలే. మెషిన్‌కు ముందు ఎట్లుండె, తర్వాత ఎట్లుంటాది అనేది క్లియర్‌గా తెలుస్తాది."

మెషిన్ వచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, మంచి మెషినే. నల్లటి పట్టీలు భుజాల మీంచి దిగి నడుం దగ్గర ఒక పెట్టెకు చేరతాయి, అక్కడి నుంచి రెండు కమ్మీలు తొడలకు. తొడుక్కుని అత్తగారి ముందు వంగి, చంకల కింద చేతులు వేసి లేచిన మొదటి రోజు అర్చనకు ఏడుపొచ్చింది. వెనక ఎవరో నిలబడి, నడుం మీద రెండు చేతులు వేసి, తనతో పాటు ఎత్తినట్టుంది. పెళ్ళయినప్పటి నుంచి ఆమె ఎదురుచూసిన చేతులవి. అవి గిరీష్‌వే అనుకుంది. సావిత్రమ్మ కూడా ఆ పట్టీలు తడిమి చూసి, "ఏమే, వడ్డాణం... చేయించినాడా మా వాడు?" అని సగం మొహంతో నవ్వింది.

నొప్పి తగ్గింది. నొప్పి తగ్గింది కాబట్టి పని పెరిగింది. మెషిన్ ఉంది కదా అని నీళ్ళ క్యాను ఆమే ఎత్తాలి, గ్యాసు సిలిండరు ఆమే జరపాలి, తడిబట్టల బకెట్టు టెర్రస్ మీదికి ఆమే మొయ్యాలి. రకరకాల బరువులు ఎత్తితే మెషిన్‌కు మంచిదట. వాచ్‌మన్ చేత చేయించే పనులు కూడా ఆమె వాటాకే వచ్చాయి. చుట్టాలొస్తే గిరీష్ ఆమెను పిలిచి సూట్‌కేసు ఎత్తించి చూపించేవాడు. "పెండ్లాన్ని ఎంత ప్రేమగా చూసుకుంటాడో" అని అతని పిన్నమ్మ మెటికలు విరిచింది. అర్చన పట్టీల కింద చెమట కారుతుంటే నవ్వుతూ నిలబడింది.

ఈ సోమవారం కాలేజీ నుంచి ప్రిన్సిపాల్ భారతి మేడమ్ ఫోన్ చేసింది. ఇంక సెలవు పొడిగించడం తన చేతిలో లేదు, వస్తావో రావో శనివారం లోగా చెప్పమంది. రాకపోతే ఆ పోస్టులో వేరే అమ్మాయిని తీసుకుంటారు. అర్చన రెండు రోజులు నోట్లో నానబెట్టి గిరీష్‌ను అడిగింది. మెషిన్ పూర్తయింది కదా, ఇప్పుడైనా అత్తమ్మకు నచ్చజెప్పి ఎవరినైనా పెట్టుకుందాం అంది. అతను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "శనివారం ఫండింగ్ వాళ్ళు ఇంటికే వస్తా ఉండారు, నిన్నూ అమ్మనూ చూసేదానికి. అది అయిపోనీ. ఇంకో రెండేళ్ళు ట్రయల్ ఉంటాది, తర్వాత చూద్దాం. అయినా అమ్మ ఎక్కడ ఒప్పుకుంటాది చెప్పు? నీకు తెలియందా?"

తెలిసిందే. అందుకే ఆ మాట అక్కడ ఆగిపోయింది. రెండేళ్ళ తర్వాత ఆ కాలేజీలో తన కుర్చీ ఉండదు. ఉన్నా తన నడుము ఉంటుందో లేదో.

శనివారం పొద్దున ఫండింగ్ వాళ్ళ తరఫున శ్వేత అనే అమ్మాయి వచ్చింది. ముప్పై దాటి ఉండవు. కర్నూలు వాళ్ళమని చెప్పి, చెప్పులు గుమ్మం బయటే విడిచి, సావిత్రమ్మకు నమస్కారం పెట్టింది. హాల్లో గిరీష్ ఆమెకు కథ చెప్పాడు. "నా వైఫ్ పెయిన్ చూడలేకనే ఇది స్టార్ట్ చేసినా మేడమ్. ఇది నేను తనకోసం చేసింది." లోపల గదిలో మెషిన్ తొడుక్కుంటూ అర్చన ఆ మాట విన్నది. విని, నిజం చెప్పాలంటే, కొంచెం పొంగింది కూడా.

ప్రదర్శన మొదలుపెట్టే ముందు కారులో మరిచిపోయిన లాప్‌టాప్ కోసం గిరీష్, శామ్యూల్ కిందికి దిగారు. సావిత్రమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. అర్చన ఆవిడ ముందు మోకాళ్ళు ఆనించి సిద్ధంగా వంగి, ఆవిడ కుచ్చిళ్ళు సర్దుతోంది. శ్వేత పక్కన స్టూలు మీద కూర్చుని మాట కలిపింది.

"ఆంటీ, ఇన్నాళ్ళూ నర్సునో ఆయానో పెట్టుకోవాలని మీకు అనిపించలేదా?"

సావిత్రమ్మ పదాలు వెతుక్కుంది. "నాకేం... అభ్యంతరమమ్మా? ఎవరైనా మనిషే కదా. మా కోడలే... ఒప్పుకోలేదు. బయటి ఆడది ఇంట్లోకొస్తే... పుట్టింటికి పోతాననిందంట మా వాడితో." ఒక్క క్షణం ఊపిరి తీసుకుని, బాగున్న చేత్తో అర్చన తల నిమిరింది. "నాకూ సిగ్గుగానే ఉండాది. పిల్ల బతుకంతా... నన్ను మోసేదానికే అయిపోయె. ఒకసారి చెప్పి చూసినా, మూడో ఫ్లోరోళ్ళను చూపించి. దానికి కోపమొచ్చె. ఇంత పట్టుగా చేస్తానంటే... వద్దని ఎట్లా చెప్పేది?"

వంగిన నడుం వంగినట్టే ఉండిపోయింది. వెనక పెట్టెలో మోటారు సన్నగా గుయ్‌మంటోంది, ఆమె లేవడం కోసం కాచుకుని. అర్చన లేచింది. "కాఫీ తెస్తాను" అని వంటింట్లోకి నడిచింది.

గిరీష్ పైకి వచ్చి, గదిలో ఆమె లేకపోవడం చూసి వంటింటికి వచ్చాడు. పాలగిన్నె స్టవ్వు మీద ఉంది, స్టవ్వు వెలిగించి లేదు.

"మీ అమ్మ ఆయాను ఎప్పుడూ వద్దనలేదంట."

అతను ముందు హాలు వైపు చూశాడు. ఆ తర్వాత ఆమె వైపు చూశాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"ఇప్పుడా ఆ మాట?"

"నేను పుట్టింటికి పోతానన్నానంట."

"అదంతా అబద్ధం అనుకోవద్దు అర్చనా, మేనేజ్ చేసినా. ఇద్దరికీ బేజారు కాకుండా." గొంతులో తప్పు చేసిన జంకు లేదు, పాఠం చెప్పే ఓపిక ఉంది. "ఆయాలు ఊరికే మారిపోతా ఉంటారు. మెషిన్ నేర్చుకోవాలంటే ఒకే ఒళ్ళు కావాల. దినామూ అదే మనిషిని, అదే రకంగా ఎత్తే ఒళ్ళు. అట్లాంటిది బయట యాడ దొరుకుతాది చెప్పు? బయటివాళ్ళయితే వెయ్యి పర్మిషన్లు. నువ్వు మన ఇంటి మనిషివి. అయినా ఎవరికోసం చేసినా? నీకోసమే కదా?"

"నా నడుం బాగుండాలంటే ఆయా ఒకామె చాలు కదండీ."

బహుశా ఆ ఆలోచన అతనికి ఎప్పుడూ రాలేదు. "సరి, తప్పే అనుకో" అన్నాడు చివరికి. "ఇవాళ ఒక్క లిఫ్ట్ చెయ్యి. వాళ్ళు పోయినాక నీకేం కావాలంటే అది."

అతను హాల్లోకి పోయాడు. అర్చన గట్టును ఆనుకుని నిలబడింది. కోపం రావాల్సిన చోట మొదట సిగ్గు వచ్చింది, ఇన్నాళ్ళూ ఎంత తేలిగ్గా నమ్మానా అని. ఎక్కడ నొప్పి, ఎప్పుడు నొప్పి అని కుర్చీ లాక్కుని కూర్చున్నది ఆమె కోసం కాదు. తన నొప్పి అతనికి కావలసిన సరుకు. అది తగ్గిపోయే దారి పక్కనే ఉంటే, ఆ దారికి తలుపు వేసి, ఆ తలుపు అమ్మే వేసిందని తనకు చెప్పాడు. తనే వేసిందని అమ్మకు చెప్పాడు. ఉద్యోగం పోతే పోయింది, నడుం పోతే పోయింది, వాటికి లెక్క వేరే. ఆవిడ మెడ చుట్టూ చెయ్యి వేసుకున్న ప్రతిసారీ తను ఆవిడను లోపల తిట్టుకుంది. ఒకసారి స్నానం చేయిస్తూ, ఈవిడ పోతే బాగుండును అని కూడా అనుకుంది. అనుకుని, ఆ పాపానికి రెండు పూటలు అన్నం సహించక తిరిగింది. ఆ ముసలామె మాత్రం, కోడలు ప్రేమతో చేస్తోందని నమ్మి, సిగ్గుపడుతూ ఎత్తించుకుంది. ఇద్దరు ఆడవాళ్ళు రోజూ ఇంత దగ్గరగా కావిలించుకుని, ఒకరి మాట ఒకరికి తెలియకుండా బతికారు. మొగుడు చేసిన ద్రోహాల్లో అన్నిటికన్నా దానికే ఆమెకు మండింది.

కాఫీ పెట్టకుండానే గదిలోకి వెళ్ళింది. శామ్యూల్ లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. శ్వేత గోడ పక్కన నిలబడింది. "అర్చనా, లిఫ్ట్" అన్నాడు గిరీష్, ఏమీ జరగనట్టు.

ఆమె అత్తగారి ముందు వంగలేదు. నేల మీద కూర్చుంది, మెషిన్ కమ్మీలు అడ్డం పడుతున్నా సరే, ఆవిడ మొహం తనకు ఎదురుగా ఉండేలా.

"అత్తమ్మా, నేను ఎప్పుడూ ఆయా వద్దనలేదు. మీరు వద్దన్నారని, ఏడ్చినారని నాకు చెప్పినారు. మిమ్మల్ని అడగొద్దన్నారు. నేను అడగలేదు."

సావిత్రమ్మ మొహంలో ఏ భావమైనా కుడివైపే వస్తుంది. ఆ కుడివైపు నెమ్మదిగా మారింది. చూపు కోడలి మీంచి కొడుకు మీదికి పోయింది.

"గిరీశా?"

"అమ్మా, అదంతా మళ్ళీ మాట్లాడుదాం. మేడమ్ కాచుకుని ఉండారు."

అర్చన లేచి నిలబడి, చేతులు మాత్రం చాచకుండా అడిగింది. "అత్తమ్మా, మిమ్మల్ని లేపేదా?"

సావిత్రమ్మ కుడి చెయ్యి అలవాటుగా పైకి లేవబోయింది. సగంలో ఆగింది. ఆవిడ దాన్ని వెనక్కి తీసుకుని తన తొడ కిందికి దోపుకుంది.

"వద్దు" అంది.

శామ్యూల్ లాప్‌టాప్ మీంచి చేతులు తీసేశాడు. శ్వేత గిరీష్ వైపు తిరిగింది. "గిరీష్, ఇన్నాళ్ళ డేటాకి ఈమె కన్సెంట్ తీసుకున్నారా?"

అతను నవ్వాడు. "వైఫ్ కదా మేడమ్."

అతనొక్కడే నవ్వాడు. అర్చన గుండె దగ్గర క్లిప్పు తీసింది, తర్వాత తొడల పట్టీలు, ఆఖరికి నడుం దగ్గరిది. మెషిన్‌ను మంచం పక్కన నేల మీద పెట్టింది. ఒంటి మీద పట్టీలు అదిమిన చోట్ల చెమటతో జాకెట్టు అతుక్కుపోయి ఉంది. అత్తగారిని వదిలి కదలడానికి ఇంకా కాళ్ళు రాలేదు ఆమెకు.

"నువ్వు పో... తల్లీ. నీ పని చూసుకో" అంది సావిత్రమ్మ. "వీడుండాడు కదా."

"ఆయనకు ఎత్తేది రాదత్తమ్మా."

"ఇనప సామానుకే నేర్పించినావంట. వీడికి రాదా?" కొడుకు వైపు చూడకుండానే అంది ఆవిడ. "నేర్చుకుంటాడు. నేను యాడికీ పోను."

గిరీష్ శ్వేత వైపు ఒకసారి చూసి, మంచం దగ్గరికి వచ్చాడు. అర్చన ఫోన్ తీసుకుని బాల్కనీలోకి నడిచింది. కింద రింగురోడ్డు మీద ట్రాఫిక్ ఎప్పటిలాగే ఉంది. ప్రిన్సిపాల్ రెండో రింగుకే ఎత్తింది.

"మేడమ్, అర్చనను. సోమవారం నుంచి వస్తాను."

"మంచి మాట చెప్పినావమ్మా. మరి ఇంట్లో ఒప్పుకున్నారా?"

లోపలి గదిలో సావిత్రమ్మ గొంతు వినిపిస్తోంది, మోకాళ్ళు ఆనించరా, ముందర మోకాళ్ళు ఆనించు అని ఒక్కో పదమే.

"ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వద్దనలేదంట మేడమ్" అంది అర్చన. "ఆ సంగతి నాకు ఇవాళే తెలిసింది."